గాలికి కట్టే బిల్లు: ల్యాబ్ గది ఎందుకంత ఖరీదు?

ఈ ఎపిసోడ్ ఒక క్షమాపణతో మొదలుపెట్టాలి.

2021 మే నెల. నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్. అమ్మకి కోవాక్సిన్ మొదటి డోసు అయింది, రెండోది దొరకట్లేదు. సెంటర్ దగ్గరికి వెళ్తే గేటుకి "స్టాక్ లేదు" అని అట్టముక్క వేలాడుతోంది. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ కోపంలో నేను ఒక పెద్ద పోస్ట్ రాశాను. ఫార్ములా దాచుకోకుండా నాలుగు కంపెనీలకి ఇచ్చేస్తే వారంలో పని అయిపోతుంది కదా, కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టినట్టు పెట్టేయొచ్చు కదా అని. బాగా షేర్ అయింది. చుట్టాలు కూడా వాట్సాప్‌లో తిరిగి నాకే పంపారు.

అది తప్పు పోస్ట్. కొంచెం కాదు, మూలంలోనే తప్పు. కోడ్ కాపీ చేస్తే ఏ లాప్‌టాప్‌లో అయినా నడుస్తుంది. కోవాక్సిన్ అలా కాదు. దాన్ని తయారు చేయాలంటే ముందు బతికున్న కరోనా వైరస్‌ని పెద్ద ఎత్తున పెంచాలి, ఆ తర్వాతే దాన్ని చంపి టీకాగా మారుస్తారు. బతికున్న వైరస్‌ని పెంచాలంటే బీఎస్ఎల్-3 అనే స్థాయి ఉన్న గదులు కావాలి. టీకా తయారీకి పనికొచ్చే అలాంటి గదులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. దీనికి కేంద్రం ఏం చేసిందో నేను పోస్ట్ రాయడానికి నెల ముందే పేపర్లో వచ్చింది, నేను చదవలేదంతే. 2021 ఏప్రిల్‌లో భారత్ బయోటెక్ బెంగళూరు యూనిట్‌కి దాదాపు 65 కోట్లు, ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థకి 65 కోట్లు, మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కి 60 కోట్లు, బులంద్‌షహర్‌లోని బిబ్‌కాల్‌కి 30 కోట్లు ప్రకటించారు. ఆ డబ్బు ఫార్ములా కొనడానికి కాదు. ఉన్న ప్లాంట్లని ఈ పనికి తగ్గట్టు సిద్ధం చేయడానికి.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. గదే కదా. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక ఏసీ. అంత డబ్బు ఎక్కడికి పోతుంది?

దీనికి జవాబు వెతుకుతూ వెళ్తే మొదట దొరికింది మన బేగంపేట. పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది, ఆ దారిలో వెళ్లేటప్పుడు మీరు చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో రాస్ కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. 1902లో దానికే నోబెల్ ఇచ్చారు. ఆయనకి ఉన్న ల్యాబ్ ఏంటంటే, ఉక్కపోసే ఒక చిన్న ఆఫీసు గది, సొంత మైక్రోస్కోప్. ఆయన రాసుకున్నదాని ప్రకారం నుదుటి మీది చెమట, చేతుల చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలింది. ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఖర్చు చూస్తే నవ్వొస్తుంది.

నేను మాత్రం ఇంకో చోట ఆగిపోయాను. ఆ ఉక్కలో కూడా రాస్ పంఖా వాడలేదు. కారణం, గాలి వీస్తే కోసి పెట్టుకున్న దోమ ముక్కలు ఎగిరిపోతాయి. హైదరాబాద్ ఆగస్టు ఉక్కలో, పంఖా ఆపుకుని, గంటల తరబడి. ల్యాబ్‌కి గాలి కావాలి, కానీ ఏ గాలి పడితే అది కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ అంతా దీని చుట్టూనే.

అంతకు 30 ఏళ్ల ముందు పారిస్‌లో లూయీ పాశ్చర్ గొడవ ఇంకోటి. ఆయన పనిచేసిన చోట సూక్ష్మజీవుల్ని పెంచే వెచ్చటి అర మెట్ల కింద ఉండేది, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాలి. 1868లో ఆయన విసిగిపోయి ఫ్రాన్స్ ల్యాబ్‌ల దుస్థితి మీద, జర్మనీ వాళ్లు ఎలా కట్టుకుంటున్నారో పోలుస్తూ ఒక చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. చక్రవర్తి మూడో నెపోలియన్ కదిలాడు, కొత్త ల్యాబ్ పని మొదలైంది. అదే ఏడాది అక్టోబర్‌లో పాశ్చర్‌కి పక్షవాతం వచ్చింది. వెంటనే కట్టుబడి ఆగిపోయింది. ఎందుకంటే ఈయన ఇక బతకడని పైవాళ్లు అనుకున్నారు, వృథా ఖర్చు ఎందుకని. మంచం మీద ఉన్న మనిషికి ఆ సంగతి తెలిసి ఎంత కుంగిపోయి ఉంటాడో చూడండి. విషయం చక్రవర్తి దాకా వెళ్లాక పని మళ్లీ మొదలైంది. పాశ్చర్ ఆ తర్వాత ఇంకో 27 ఏళ్లు బతికాడు. రేబీస్ టీకా ఆ తర్వాతి కథే.

సరే, ఇక్కడిదాకా ల్యాబ్ అంటే బల్ల, నీళ్లు, గ్యాస్, వెలుతురు. అసలు ఖర్చు పుట్టింది ఆ తర్వాత, అది కూడా బయాలజీలో కాదు. బాంబుల దగ్గర.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో రేడియోధార్మిక ధూళిని ఆపే ఫిల్టర్ కావాల్సొచ్చింది. అలా పుట్టినదాన్నే ఇప్పుడు హెపా ఫిల్టర్ అంటున్నాం. మీ ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే దాని డబ్బా మీద ఉండే పేరు అదే. 0.3 మైక్రాన్ల సైజు కణాల్లో కనీసం 99.97 శాతం పట్టేస్తుంది. ఫిల్టర్ అయితే వచ్చింది, గదులు మాత్రం శుభ్రం కాలేదు. 1950ల్లో శాండియా అనే అమెరికా ప్రభుత్వ ల్యాబ్‌లో అణ్వాయుధాల కోసం సూక్ష్మమైన భాగాలు తయారు చేసేవాళ్లు. ఒక్క ధూళి రేణువు పడితే ఆ భాగం చెడిపోతుంది. తుడిచారు, వ్యాక్యూమ్ చేశారు, ప్రత్యేకమైన కోట్లు వేశారు. లాభం లేదు. ఎందుకంటే ధూళి ఎక్కువగా వచ్చేది మన నుంచే. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా నిమిషానికి లక్ష దాకా కణాలు రాలతాయని లెక్క. చర్మం, బట్టల పీచు, జుట్టు.

అక్కడ విల్లిస్ విట్‌ఫీల్డ్ అని ఒక ఫిజిసిస్ట్ ఉన్నాడు. ఓక్లహోమాలో పత్తి రైతు కొడుకు. 1960 ప్రాంతంలో ఆయనకి వచ్చిన ఆలోచన వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. ధూళిని లోపలికి రాకుండా ఆపడం మన వల్ల కాదు, కాబట్టి గదిని ఆగకుండా గాలితో ఊడ్చేద్దాం. పైన హెపా ఫిల్టర్ల వరస, కింద జాలీ నేల. గాలి పైనుంచి నెమ్మదిగా, సుడులు తిరగకుండా, తిన్నగా దిగి, మనిషి నుంచి రాలిన ధూళిని పట్టుకుని నేలలోంచి వెళ్లిపోవాలి. నిమిషానికి సుమారు పది సార్లు గదిలో గాలి మారాలి. మొదటి గది ఆరడుగులకి పదడుగులు, మన హాస్టల్ గది కంటే చిన్నది. కణాలు లెక్కపెట్టే మీటర్లు దాదాపు సున్నా చూపిస్తే, చూసినవాళ్లు మీటర్ పాడైందేమో అనుకున్నారట. 1962లో టైమ్ పత్రిక ఆయన్ని "మిస్టర్ క్లీన్" అంది. అమెరికా ప్రభుత్వం ఆ డిజైన్‌ని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా అందరికీ ఇచ్చేసింది. 1963కే గదుల శుభ్రతకి ఫెడరల్ స్టాండర్డ్ వచ్చేసింది. ఈరోజు మీ ఫోన్‌లో చిప్, మీరు వేయించుకున్న టీకా, రెండూ ఆయన ఆలోచన మీద కట్టిన గదుల్లోంచి వచ్చినవే.

అంటే ఒకరకంగా నేను 2021లో అడిగింది నిజంగానే జరిగింది చూశారా, డిజైన్ ఓపెన్‌గా పెట్టేశారు. అయినా గది చవక కాలేదు. ఇప్పుడు ఎందుకో లెక్క చూద్దాం. పెద్ద లెక్కేం కాదు, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు.

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. 3,000 ఘనపుటడుగుల గాలి. మామూలు ల్యాబ్ అనుకుని గంటకి 6 సార్లు గాలి మార్చితే 18,000. అదే ఇంజెక్షన్ మందు తయారీ పక్క గదిలాంటి చోట గంటకి 40 సార్లు అనుకోండి, 1,20,000 ఘనపుటడుగులు. ఆ గాలి బరువు దాదాపు నాలుగు టన్నులు. గంటకి నాలుగు టన్నుల గాలిని లాగి, ఫిల్టర్ల గుండా తోసి, చల్లబరిచి, తేమ తీసి, గదిలోకి పంపాలి. విట్‌ఫీల్డ్ పద్ధతిలో నిమిషానికి పది సార్లు అంటే గంటకి 18 లక్షల ఘనపుటడుగులు. ఒక్క గదికి. ఎండాకాలంలో కరెంటు బిల్లు ఊహించుకోండి.

ఇంకో తిరకాసు ఉంది. మన ఆఫీసుల్లో ఏసీ చల్లబరిచిన గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే క్యాష్ చేసి వాడుకోవడం. కెమికల్స్, ప్రమాదకరమైన క్రిములు ఉన్న ల్యాబ్‌లో అది కుదరదు. బయట 42 డిగ్రీల గాలిని తీసుకుని, 22కి తెచ్చి, ఒక్కసారి వాడి, బయటికి పారేయడమే. ప్రతి రిక్వెస్ట్ సర్వర్‌కే వెళ్లాలి, క్యాష్ బంద్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పొగలు లాగేసే ఫ్యూమ్ హుడ్ ఒక్కటి, అమెరికాలో వేసిన అంచనా ప్రకారం, మూడు ఇళ్లకి పైగా వాడేంత శక్తి తాగుతుంది.

దీని మీద ప్రెషర్. ఇంజెక్షన్లు నింపే గదిలో గాలి ఒత్తిడి బయటికంటే కొంచెం ఎక్కువ ఉండాలి, తలుపు తీస్తే లోపలి గాలి బయటికి పోవాలి, మురికి లోపలికి రాకూడదు. వైరస్ పెంచే గదిలో సరిగ్గా ఉల్టా, ఒత్తిడి తక్కువ ఉండాలి, లోపలిది బయటికి పోకూడదు. బయటికి పంపే గాలిని కూడా హెపాలోంచే పంపాలి. కరెంటు పోయిన క్షణంలో కూడా ఈ లెక్క తప్పకూడదు, అందుకే జనరేటర్లు, డబుల్ ఫ్యాన్లు. గోడలో సూదిమొన అంత సందు ఉన్నా ప్రెషర్ నిలవదు కాబట్టి మామూలు గోడ పనికిరాదు, ప్యానెళ్లు పెట్టి అతుకులు మూసేస్తారు. నేల, గోడ కలిసే మూల కూడా గుండ్రంగా తిప్పుతారు, దాన్ని కోవింగ్ అంటారు, దుమ్ము దాక్కునే చోటు లేకుండా.

ఇదంతా నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మా బ్యాచ్‌లో బయోటెక్ చేసిన ఒకడు ఉన్నాడు, పేరు వద్దన్నాడు. పోయినేడాది ఇంకో ఇద్దరితో కలిసి టెస్ట్ కిట్ల కంపెనీ పెట్టాడు. మా పాత ఆఫీసు లాంటి బిల్డింగ్‌లోనే ఒక ఫ్లోర్‌లో కొంత తీసుకున్నాడు. అద్దె తక్కువ, మెట్రో దగ్గర. ఇంటీరియర్ అంటే ఆఫీసులాగే అవుతుందని బడ్జెట్ వేసుకున్నాడు. కొటేషన్ నాలుగు రెట్లు వచ్చింది. అప్పటికీ వెనక్కి తగ్గలేదు, నాన్న దగ్గర అప్పు తీసుకుని డక్ట్ పని మొదలుపెట్టించాడు. నేను ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లా. డక్టింగ్ చేసే అన్న నిచ్చెన మీద నిలబడి టేపు పట్టుకుని పైకి చూస్తున్నాడు. "సార్, బీమ్ కింద నుంచి డక్ట్ తీస్తే మీ తలకి తగులుతది. పైనుంచి తీస్తమంటే జాగ లేదు. ఈ బిల్డింగ్ మనుషులు కూసునేటందుకు కట్టిన్రు సార్, మిషన్ల కోసం కాదు" అన్నాడు. స్లాబ్‌కి స్లాబ్‌కి మధ్య ఎత్తు చాలలేదు. మావాడు నా వైపు చూసి "మామా, ఈ ముక్క అడ్వాన్స్ కట్టకముందు ఎవడూ చెప్పలేదురా" అన్నాడు.

ఆ అన్న చెప్పిన మాట మీదే ఆర్కిటెక్చర్ చరిత్రలో ఒక పెద్ద కథ నడిచింది. లూయీ కాన్ పేరు వినే ఉంటారు, అహ్మదాబాద్ ఐఐఎం డిజైన్ చేసినాయన. 1950ల చివర్లో ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి రిచర్డ్స్ ల్యాబ్ భవనం కట్టాడు. చెడు గాలి పోవడానికి కిటికీలు లేని ఎత్తైన ఇటుక టవర్లు. ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది. లోపల పనిచేసేవాళ్లకి మాత్రం ఎండ నేరుగా కొట్టేది, పాపం అద్దాలకి ఫాయిల్ అంటించుకున్నారు. నాకు ఆ భవనం అందంగానే అనిపిస్తుంది, కానీ యూజర్ అద్దాలకి ఫాయిల్ అంటించుకున్నాడంటే అది బగ్ రిపోర్టే.

పోలియో టీకా కనిపెట్టిన జోనాస్ సాక్ ఆ భవనం చూసి, అదే కాన్‌కి కాలిఫోర్నియాలోని లా హోయాలో తన సంస్థ పని అప్పగించాడు. 1965లో తయారైంది. ఈసారి కాన్, ఇంజనీర్ ఆగస్ట్ కొమెండాంట్ కలిసి చేసింది చూడండి. ఆరు అంతస్తులు కడితే అందులో మూడే ల్యాబ్‌లు. ప్రతి ల్యాబ్ నెత్తిన మనిషి నిలబడి నడిచేంత, సుమారు 9 అడుగుల ఎత్తున్న ఒక పూర్తి అంతస్తు పైపులకి, డక్ట్‌లకి, వైర్లకి వదిలేశారు. ల్యాబ్‌లో మధ్యలో ఒక్క స్తంభం లేదు. మన దగ్గర ఏ బిల్డర్‌కైనా చెప్పి చూడండి, సగం ఎస్ఎఫ్‌టీ పైపులకి ఇవ్వమని. నవ్వి టీ ఇచ్చి పంపిస్తాడు. కానీ ఆ వదిలేసిన చోటు వల్లే అరవై ఏళ్లుగా సైన్స్ మారినప్పుడల్లా, కింద పని పెద్దగా ఆపకుండా, పైకి ఎక్కి పైపులు మార్చుకుంటున్నారు. మొదట్లో ఎక్కువ పెట్టడమా, తర్వాత ప్రతి మార్పుకీ పగలగొట్టడమా అన్నది అప్పటి నుంచి ప్రతి ల్యాబ్ కట్టేవాడి ముందూ ఉన్న ప్రశ్న. నా ఓటు మొదటిదానికే, డబ్బు ఉంటే.

డబ్బు లేకపోతే? దానికి మన తెలుగువాళ్ల కథ ఉంది. వరప్రసాద్ రెడ్డి గారు, చదువు రీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, నాలాగా బయాలజీ రానివాడే. 1993లో అమ్మగారి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు, హెపటైటిస్-బి టీకా మనమే చేద్దామని. అప్పట్లో అది దిగుమతి సరుకు, డోసుకి వందల రూపాయలు. చేతిలో డబ్బు కొద్దిగా ఉంది. అలాంటప్పుడు మొదటి రోజే పెద్ద ల్యాబ్ కట్టి ఉంటే కథ అక్కడే ముగిసేదని నా అభిప్రాయం. ఆయన ఉస్మానియా యూనివర్సిటీలో చోటు తీసుకుని మొదలుపెట్టారు, తర్వాత సీసీఎంబీలో పని చేయించారు. అంటే ఎవరో ముందే కట్టిన గాలి, ఎవరో ముందే వేసిన పైపులు. పని ఒక దారికి వచ్చాకే సొంత ప్లాంట్. దానికి కూడా బ్యాంకులు ముందుకు రాని రోజుల్లో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడితో గట్టెక్కారు. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి వచ్చింది, డోసు 50 రూపాయలకి. మనలో చాలామంది చిన్నప్పుడు వేయించుకున్న హెపటైటిస్-బి టీకా మన అమ్మానాన్నలకి అందే ధరలో ఉండటం వెనుక ఇది ఉంది.

ఆ తర్వాత ప్రభుత్వం కూడా ఈ లెక్క పట్టుకుంది. 1999లో తుర్కపల్లిలో, ఇప్పుడు జీనోమ్ వ్యాలీ అంటున్న చోట, 200 ఎకరాల్లో ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్క్ మొదలైంది. వాళ్లు అమ్మింది స్థలం కాదు, రెడీగా ఉన్న ల్యాబ్ మాడ్యూళ్లు అద్దెకి. మనకి క్లౌడ్ సర్వర్లు ఎలాగో, వాళ్లకి అది అలాగ.

ఒక మాట చెప్పకపోతే ఈ ఎపిసోడ్ అన్యాయం అవుతుంది. 2022లో గాంబియాలో దగ్గు మందు తాగి సుమారు 70 మంది పిల్లలు చనిపోయారు, ఆ మందు భారత్ నుంచి వెళ్లిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ తర్వాత కేంద్రం మందుల ఫ్యాక్టరీల నియమాలైన షెడ్యూల్ ఎం ని 2023 డిసెంబర్ చివర్లో మార్చింది. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకి ఆరు నెలలు, చిన్నవాటికి ఏడాది ఇచ్చింది, చిన్నవాటికి తర్వాత 2025 చివరి దాకా పొడిగించింది. జీడిమెట్ల, బాలానగర్ లాంటి చోట్ల చిన్న యూనిట్ నడిపేవాళ్లకి ఇది కోట్ల మాట. మూసేయాల్సి వస్తుందన్న వాళ్ల భయం అబద్ధం కాదు. అలాగని గదుల మీద ఖర్చు పెడితే చాలు, మందు మంచిదవుతుందా? గాంబియా సిరప్‌లో దొరికిన డైఇథిలీన్ గ్లైకాల్‌ని ఏ హెపా ఫిల్టరూ ఆపదు. డ్రమ్ము రాగానే ముడిసరుకు టెస్ట్ చేయాలి, అంతే. డక్ట్‌ల బిల్లుతో పోలిస్తే ఆ టెస్ట్ చాలా చవక. ఖరీదైన గది కట్టి చవకైన టెస్ట్ వదిలేసేవాళ్లని చూసి ఎక్కువ భయపడాలి అని నాకనిపిస్తుంది.

మావాడి సంగతి చెప్పి ఆపేస్తా. ఆ బిల్డింగ్ వదిలేశాడు. అడ్వాన్స్‌లో కొంత తిరిగి రాలేదు. ఇప్పుడు ఒక ఇంక్యుబేటర్‌లో రెండు బెంచీలు అద్దెకి తీసుకుని పని చేస్తున్నాడు, ఫ్యూమ్ హుడ్ నలుగురు పంచుకుంటారు, టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. మొదటి కిట్ ఇంకా టెస్టింగ్‌లో ఉంది. వాళ్ల నాన్న అప్పు మాట ఇంట్లో ఎత్తట్లేదంట, అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది అంటాడు.

విప్పేసిన డక్ట్‌లు మాత్రం మా ఇంటి టెర్రస్ మీద ఉన్నాయి. వాన పడితే రాత్రంతా ఒకటే చప్పుడు, అమ్మ రోజూ అడుగుతోంది ఎప్పుడు తీసేస్తావని. గాల్వనైజ్డ్ షీట్, మంచి కండిషన్. ఎవరికైనా కావాలంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్లండి.